పద్దెనిమిది వేలకి చేతితో చేసిన బేస్ గిటార్: వాయించేవాళ్ళ మాట ఎంతవరకు వినాలి?

పోయిన ఎపిసోడ్‌లో మెడ ఎలా చెక్కుతానో చూపించాను కదా, దాని తర్వాత చాలామంది ఒకటే అడిగారు. "అన్నా, ఈ డిజైన్ నీ సొంతమా, కాపీనా? ఇలాగే ఎందుకు చేశావ్?" అని. ఈరోజు ఆ కథే చెప్తాను. ఉలి, రంపం పని ఇవాళ ఉండదు. ఇవాళ అంతా మాటలే. ఎందుకంటే ఈ బేస్‌ని సగం నేను చేశాను, మిగతా సగం దీన్ని వాయించి తిట్టినవాళ్ళు చేశారు.

కొత్తగా వచ్చినవాళ్ళకి ఒక్క ముక్క. బేస్ గిటార్ అంటే నాలుగు లావు తీగలు, మామూలు గిటార్ కన్నా ఒక ఆక్టేవ్ కింద మోగుతుంది. అన్నిటికన్నా లావు తీగ ఈ, దాని స్పీడు సెకనుకి 41 కంపనాలు. పాటలో ఇది వినపడట్లేదు అనుకుంటాం, కానీ ఆపేస్తే పాట కింద నేల లేనట్టు ఉంటుంది. ఇళయరాజా గారి పాట ఏదైనా ఇయర్‌ఫోన్స్ పెట్టుకుని వినండి, బేస్ లైన్ ఒక్కటే ఫాలో అవ్వండి, అర్థమైపోతుంది.

మా నాన్న వడ్రంగి. తలుపులు, కిటికీలు, మంచాలు. నేను ఆయన దగ్గరే పని నేర్చుకున్నాను. గిటార్ కాలేజీలో నేర్చుకున్నాను, బేస్ మాత్రం బ్యాండ్‌లో ఎవరూ వాయించట్లేదని నా మీద పడింది. అద్దెకి తెచ్చుకున్న బేస్ మెడ వంగిపోయి ఉండేది. ఇది మనమే చెయ్యొచ్చు కదా అనిపించింది. అక్కడ మొదలైంది పిచ్చి.

మొదట చేసినది 34 అంగుళాల స్కేల్. స్కేల్ అంటే నట్ నుంచి బ్రిడ్జి దాకా తీగ మోగే పొడవు. 34 ఎందుకంటే లోకంలో ఎక్కువ బేస్‌లు అంతే. 1951లో ఫెండర్ ప్రెసిషన్ బేస్ వచ్చినప్పటి నుంచి అదే లెక్క. ఆ లియో ఫెండర్ కథ నాకు చాలా ఇష్టం. ఆయన కాలిఫోర్నియాలో రేడియోలు బాగుచేసే మనిషి. గిటార్ వాయించడం రాదు! నిజంగా రాదు. కాబట్టి ఆయనకి వేరే దారి లేదు, చేసిన ప్రతి వస్తువూ వాయించేవాళ్ళ చేతికిచ్చి వాళ్ళు ఏమంటారో వినాల్సిందే. మొదటి ప్రెసిషన్ బేస్ అంచులు పలకలాగా ఉండేవి. 1954కి వచ్చేసరికి పొట్ట దగ్గర, చెయ్యి ఆనే దగ్గర చెక్కేసి నున్నగా చేశారు. 1957లో పికప్పే మార్చేశారు. అంటే ఇప్పుడు మనం క్లాసిక్ అని దండం పెట్టే డిజైన్ కూడా ఒక్కసారిగా పుట్టలేదన్నమాట.

నేను మాత్రం మొదటిదే అదిరిపోయిందనుకున్నాను. బాడీ టేకు. అంతా టేకు. తూకం వేస్తే 5 కిలోల 100 గ్రాములు. మామూలుగా బేస్ నాలుగు కిలోలు అటూఇటూ ఉంటుంది. మా నాన్న చేత్తో ఎత్తి చూసి, "ఏరా, ఇది వాయించడానికా, గుమ్మానికి అడ్డం పెట్టడానికా?" అన్నారు. మొదటి ఫీడ్‌బ్యాక్ అదే. నేను పట్టించుకోలేదు. నాన్నకి బేస్ గురించి ఏం తెలుసులే అనుకున్నాను.

తర్వాత దాన్ని పెళ్ళిళ్ళలో ఆర్కెస్ట్రాకి వాయించే ఒక పెద్దాయనకి ఇచ్చాను. ముప్పై ఏళ్ళుగా వాయిస్తున్న చెయ్యి. ఒక ఫంక్షన్ హాల్లో రాత్రంతా వాయించి పొద్దున్నే ఫోన్ చేశారు. "తమ్ముడూ, భుజం పోయింది. అది సరే, నీ బేస్ నేను వాయించకపోయినా వాయిస్తోంది" అన్నారు. గుయ్‌మని హమ్. నేను పెట్టింది సింగిల్ కాయిల్ పికప్. మా ఇంట్లో చిన్న ఆంప్ మీద నాకది పెద్దగా వినపడలేదు. ఫంక్షన్ హాల్లో జనరేటర్, సీరియల్ లైట్లు, డిమ్మర్లు, కేబుళ్ళన్నీ ఒకదాని మీద ఒకటి. మన కరెంటు 50 హెర్ట్జ్. ఈ తీగ మీద మూడో ఫ్రెట్ నొక్కితే వచ్చే జీ స్వరం 49 హెర్ట్జ్. చూశారా, హమ్ సరిగ్గా వచ్చి బేస్ స్వరాల మధ్యలో కూర్చుంది. గిటార్‌కైతే అది కింద ఎక్కడో ఉండే గోల, బేస్‌కి అది పక్క వాయిద్యం.

దానికి మందు 1957 నాటి ఆ ఫెండర్ పికప్‌లోనే ఉంది. కాయిల్‌ని రెండు ముక్కలు చేస్తారు. ఒక ముక్క ఈ, ఏ తీగల కింద, ఇంకోటి డీ, జీ తీగల కింద. రెండో దానిలో తీగ చుట్టే దిక్కు తిప్పేస్తారు, అయస్కాంతం దిక్కు కూడా తిప్పేస్తారు. బయట నుంచి వచ్చే హమ్‌కి అయస్కాంతంతో పని లేదు, కాబట్టి ఒకదానిలో ప్లస్, ఇంకోదానిలో మైనస్ అయ్యి కొట్టుకుపోతుంది. తీగ శబ్దం మాత్రం రెండుసార్లు తిరిగి మళ్ళీ మామూలుగానే వస్తుంది. ఆ పికప్‌ని ఇప్పుడు నేనే ఇంట్లో చుడతాను. పాత కుట్టుమిషన్ మోటారుతో. దాని మీద వేరే ఎపిసోడ్ చేస్తాను, ఇక్కడ మొదలుపెడితే ఇవాళ అయిపోదు.

ఇప్పుడు బరువు సంగతి. రెండోదానికి మలబార్ వేప వాడాను. మన రైతులు ప్లైవుడ్ కోసం వేస్తున్నారు చూడండి, అదే. తేలిక, చవక, చిత్రికకి వెన్నలా లేస్తుంది. బేస్ 3 కిలోల 600 గ్రాములకి దిగింది. నేను సంబరపడిపోయి ఒక కాలేజీ అమ్మాయికి ఇచ్చాను, తను కొత్తగా నేర్చుకుంటోంది. పావుగంట వాయించింది, "బాగుందన్నా" అంది.

"బాగుంది" అనే మాట గురించి ఒక నిమిషం మాట్లాడాలి. ఫ్రెండ్స్, ఆ మాటకి విలువ సున్నా. మనవాళ్ళు మొహం మీద బాగాలేదని చెప్పరు. అందులోనూ మనం టీ ఇప్పించి, చేత్తో చేశానని చెప్పి ఇస్తే ఎవరు చెప్తారు? నేను ఆరోజు ఫోన్‌లో తను వాయిస్తున్న వీడియో తీశాను. రాత్రి చూస్తే తెలిసింది. ప్రతి పది సెకన్లకీ ఎడమ చెయ్యి మెడని పైకి ఎత్తుతోంది. బాడీ తేలికైపోయింది కదా, మెడ బరువై నేల వైపు దిగిపోతోంది. తను ఎడమ చేత్తో వాయించట్లేదు, మోస్తోంది! ఇంకోటి, మొదటి ఫ్రెట్ దగ్గర చిటికెన వేలు అసలు అందట్లేదు, మణికట్టు మెలితిప్పుతోంది. నోరు బాగుందంది, చెయ్యి బాగాలేదంది. అప్పటి నుంచి నేను చేతుల్నే నమ్ముతున్నాను. ఎవరికి బేస్ ఇచ్చినా అడిగి వీడియో తీస్తాను, సౌండ్ మ్యూట్ చేసి చూస్తాను.

మెడ కిందకి దిగడం ఆపడానికి మూడు పనులు చేశాను. పై కొమ్ముని పొడిగించి స్ట్రాప్ బటన్ పన్నెండో ఫ్రెట్ ఎదురుగా వచ్చేలా చేశాను. తల చిన్నది చేశాను, నాలుగు కీలూ ఒకే వరసలో కాకుండా రెండు అటు, రెండు ఇటు. కీలు కూడా తేలికవి. తల చివర ఉన్న వంద గ్రాములు బాడీలో ఉన్న అరకిలోతో సమానం, ఎందుకంటే దూరం. తక్కెడ లెక్కే ఇది, కొత్తేం కాదు.

అసలు గొడవ వేలు అందకపోవడం దగ్గర మొదలైంది. స్కేల్ తగ్గించాలా? ఇక్కడ నాకు రెండు నెలలు నిద్ర లేదు.

లెక్క చూడండి. స్కేల్ పొడవుని 17.817తో భాగిస్తే మొదటి ఫ్రెట్ దూరం వస్తుంది. 34 అంగుళాలకి అది 48.5 మిల్లీమీటర్లు. 32కి 45.6. ఒక్కో ఫ్రెట్‌కి దాదాపు మూడు మిల్లీమీటర్లు తగ్గుతుంది, నాలుగు వేళ్ళు పరిస్తే సెంటీమీటర్ దాకా తేడా. అదే తీగ, అదే స్వరం అయితే తీగ బిగువు కూడా పదకొండు శాతం తగ్గుతుంది. కొత్తవాళ్ళ వేళ్ళకి హాయి. పెద్దవాళ్ళకి అదే కంప్లైంట్: "తీగ లూజుగా ఉంది, ఈ తీగ కొడితే పలకట్లేదు."

పదకొండు మందికి చూపించాను. బాగా వాయించేవాళ్ళు ఐదుగురు, ఐదుగురూ 34 ఉంచమన్నారు. ఒక మెటల్ కుర్రాడైతే "బ్రో, 32 అంటే బొమ్మ బేస్ బ్రో" అన్నాడు. కొత్తగా నేర్చుకునేవాళ్ళు ఆరుగురు. వాళ్ళలో ఎవరూ 32 కావాలని అడగలేదు, అసలు అలాంటిదొకటి ఉంటుందని వాళ్ళకి తెలియదు. ఓట్లు లెక్కపెడితే 34 గెలిచినట్టే. కానీ ఆ ఐదుగురిలో నా బేస్ కొనేవాళ్ళు ఎవరు? ఎవరూ కాదు! వాళ్ళ దగ్గర ఆల్రెడీ మంచివి ఉన్నాయి. నేను ఎవరి కోసం చేస్తున్నాను అన్నదే నాకు అప్పటిదాకా తేలలేదు, అందుకే నిద్ర పట్టలేదు. పెద్దవాళ్ళ మాటకి గౌరవం ఇవ్వాలి. కానీ గౌరవం ఇవ్వడం వేరు, కొలత మార్చడం వేరు. 32కే ఫిక్స్ అయ్యాను.

అలాగని వాళ్ళు చెప్పినదంతా పక్కన పడేశానా అంటే, లేదు. ఆ పెద్దాయనే ఒక మాటన్నారు: "తమ్ముడూ, 32కి తీగలు ఎక్కడ దొరుకుతాయి? మన ఊళ్ళో షాపుల్లో ఉండేవన్నీ 34వే." నిజం. పొడవు తీగ తెచ్చి వేస్తే, లావు భాగం సన్నబడక ముందే కీ దగ్గరికి వచ్చేస్తుంది. ఆ లావుది కీకి చుట్టాలంటే విరుగుతుందేమో, చుట్టు ఊడుతుందేమో అని భయం. దీనికి నేను చేసింది ఏంటంటే, తీగని బ్రిడ్జి వెనక నుంచి కాకుండా బాడీ వెనక నుంచి ఎక్కించాను. బాడీ మందం 45 మిల్లీమీటర్లు. ఆ మందం అంతా తీగ లోపల ప్రయాణం చేస్తుంది, మిగిలిన పొడవు అక్కడ ఖర్చైపోతుంది. సన్నబడే చోటు సరిగ్గా కీ దగ్గరికి వచ్చింది. ఊళ్ళో దొరికే మామూలు సెట్టు సరిపోయింది. డ్రిల్లు వెయ్యడానికి అరగంట ఎక్కువ పని, అంతే. ఈ డిజైన్ మొత్తంలో నాకు గర్వంగా అనిపించేది ఇదొక్కటే, నిజం చెప్తున్నా.

ఇప్పుడు నేను పప్పులో కాలేసిన కథ. మా ఊళ్ళో చర్చిలో ప్రతి ఆదివారం బేస్ వాయించే బ్రదర్ ఒకాయన ఉన్నారు. మూడు గంటలు నిలబడి వాయిస్తారు. నా బేస్ తీసుకెళ్ళి, "బ్రదర్, సౌండ్ మూగగా ఉంది, దుప్పటి కప్పినట్టుంది. లోపల యాక్టివ్ సర్క్యూట్ పెట్టండి" అన్నారు. నేను ఒప్పుకోలేదు. నాకొక సిద్ధాంతం ఉండేది అప్పట్లో. నొప్పి ఎక్కడో పేషెంటు చెప్పాలి, మందు మాత్రం పేషెంటు రాయకూడదు అని. వెళ్ళి చూస్తే ఆయన బేస్‌ని నేరుగా మిక్సర్ లైన్ ఇన్‌పుట్‌లో పెడుతున్నారు. పాసివ్ పికప్‌కి ఎదురుగా ఒక మెగా ఓమ్ లాంటి పెద్ద ఇంపీడెన్స్ ఉండాలి. మిక్సర్ లైన్‌లో పది వేల ఓమ్‌లు ఉంటాయి. అంత బరువు పడితే పికప్ పై స్వరాలన్నీ మింగేస్తుంది. అందుకే దుప్పటి. "తప్పు నా బేస్‌ది కాదు బ్రదర్, మీరు డీఐ బాక్స్ కొనుక్కోండి" అని పెద్ద క్లాసు పీకి వచ్చాను.

ఇంటికొచ్చాక ఆలోచిస్తే సిగ్గేసింది. మన దగ్గర చర్చిల్లో, ఫంక్షన్ హాళ్ళలో, కాలేజీ ఫెస్టుల్లో అందరూ నేరుగా మిక్సర్‌లోనే పెడతారు! బేస్ ఆంప్ ఎంతమంది దగ్గర ఉంది? చవక బేస్ అని చెప్పి అమ్మి, ఇంకో రెండు వేలు పెట్టి బాక్స్ కొనమంటే అది చవకెలా అవుతుంది? ఆయన చెప్పిన జబ్బూ కరెక్టే, మందూ దాదాపు కరెక్టే. ఈక్వలైజర్ ఉన్న పెద్ద యాక్టివ్ సర్క్యూట్ అక్కర్లేదు, ఒక చిన్న బఫర్ చాలు. టీఎల్072 అనే ఐసీ, నాలుగు చిన్న పార్టులు, 9 వోల్టుల బ్యాటరీ. రెండు వందల లోపు ఖర్చు. బ్యాటరీ మధ్యలో చచ్చిపోతే పాట ఆగకుండా ఒక బైపాస్ స్విచ్. బేస్ పట్టుకుని ఆయన దగ్గరికి మళ్ళీ వెళ్ళాను. ఆయనేం అనలేదు. వాల్యూమ్ పెంచి ఒక పాట వాయించి, "బ్యాటరీ ఎక్కడ మార్చాలి బ్రదర్?" అని మాత్రం అడిగారు.

చెక్క గురించి అడుగుతారని తెలుసు. బొబ్బిలి పక్కన గొల్లపల్లి వెళ్ళాను, వీణలు చేసే చోటుకి. ఒకే పనస మొద్దులో నుంచి వీణ మొత్తం తొలుస్తారు. అక్కడ ఒక పెద్దాయన నా బేస్ మెడ తిప్పి తిప్పి చూసి, "బాబూ, ఈ మెట్లు తప్పుగా పడితే ఏం చేస్తావు?" అన్నారు. వీణకి మెట్లు మైనంలో కూర్చుంటాయి. తేడా వస్తే వేడి చేసి జరుపుతారు. నాకు ఆ సౌకర్యం లేదు, రంపంతో గాడి పడిందంటే పడినట్టే. అందుకే ఇప్పుడు ఫ్రెట్ గాళ్ళకి మెటల్ టెంప్లేట్ చేయించుకున్నాను. పనసతో కూడా ఒక బేస్ చేశాను. పనసది, వేపది, రెండిటికీ ఒకే పికప్, ఒకే తీగలు వేసి, ఆరుగురిని వీపు తిప్పి కూర్చోబెట్టి వాయించి వినిపించాను. ఏది ఏదో కనిపెట్టడం బొమ్మా బొరుసూ వేసినట్టే వచ్చింది. ఆరుగురితో చేసింది పరిశోధన కాదు, ఒప్పుకుంటాను. కానీ ఆ సాయంత్రం తర్వాత బాడీ చెక్కని బరువు, ధర చూసి ఎంచుకుంటున్నాను.

మెడ చెక్క అలా కాదు. అక్కడ దెబ్బ తిన్నాను. మొదటి బ్యాచ్ ఆరు చేశాను. నాన్న తన చిట్టీ పాట పాడి ఇచ్చిన అరవై వేలు అందులో పెట్టాను. మెడకి డిపో నుంచి కొత్త టేకు తెచ్చాను, ఎండిందనుకున్నాను. వానాకాలంలో చేసినవి. ఏప్రిల్ వచ్చేసరికి ఆ కాలేజీ అమ్మాయి ఫోన్: "అన్నా, మెడ పక్కన చెయ్యి కోసుకుపోతోంది." ఎండకి చెక్క బిగుసుకుపోయి ఫ్రెట్ చివర్లు బయటికి పొడుచుకొచ్చాయి. లోహం తగ్గదు కదా, చెక్క తగ్గుతుంది. ఇంకో బేస్ మెడ అయితే ట్రస్ రాడ్ పూర్తిగా తిప్పినా నిటారుగా రాలేదు. రెండిటికీ కొత్త మెడలు ఫ్రీగా చేసిచ్చాను. నాలుగు అమ్మితే వచ్చిన మిగులు అంతా అక్కడే పోయింది.

నాన్న తిడతారనుకున్నాను. ఆయన లూనా తీసి, పాత ఇళ్ళు కూల్చిన చెక్క అమ్మే చోటుకి తీసుకెళ్ళారు. నలభై, యాభై ఏళ్ళ నాటి టేకు దర్వాజాలు. "ఇది తగ్గాల్సినంత తగ్గిపోయిందిరా" అన్నారు. ఇప్పుడు మెడలన్నీ వాటితోనే. మూడు ముక్కలుగా కోసి, మధ్య ముక్క తిరగేసి అతికిస్తాను, ఒకటి వంగాలనుకుంటే పక్కది ఆపుతుంది. రెండు వేసవులు అయ్యాయి, ఒక్క మెడా తిరిగి రాలేదు. మేకు రంధ్రాలు అక్కడక్కడా కనిపిస్తాయి, పూడ్చి ఇస్తాను. అవి బాగున్నాయని అడిగి మరీ అలాంటి ముక్క పెట్టించుకున్నవాళ్ళూ ఉన్నారు.

ఇక డబ్బు. కీలు 1,900, తీగలు 1,600, బ్రిడ్జి 1,100, చెక్కంతా కలిపి రెండు వేలు చిల్లర, ట్రస్ రాడ్, ఫ్రెట్ తీగ, పికప్ వైరు, పాలిష్, రవాణా అన్నీ వేస్తే పది వేలు. మొదటి బ్యాచ్ 14,500కి అమ్మాను, ఒక్కోదానికి 45 గంటలు పట్టింది. అంటే గంటకి వంద రూపాయలు. "తలుపులు చేసుకుంటే ఇంతకన్నా ఎక్కువ వస్తుంది కదరా" అన్నారు నాన్న. కరెక్టే. 12 వేలకి ఇవ్వమని అడిగినవాళ్ళు బోలెడుమంది. ఆ ధరకి ఫ్యాక్టరీ బేస్ దొరుకుతుంది, అది కొనుక్కోమని నేనే చెప్తున్నాను, అబద్ధమెందుకు. టెంప్లేట్ల వల్ల ఇప్పుడు 32 గంటల్లో అవుతోంది. ధర 18,500 చేశాను. ఆర్డర్లు తగ్గాయి. ఆగిపోలేదు. ధర మీద ఫీడ్‌బ్యాక్ అడిగితే అందరూ ఎక్కువే అంటారు. అడ్వాన్స్ ఇచ్చినవాళ్ళ మాట ఒక్కటే లెక్కలోకి తీసుకుంటున్నాను.

ఐదు తీగలది చెయ్యమని ఇప్పటికి తొమ్మిది మంది అడిగారు. 32 అంగుళాల మీద లో బీ తీగ లూజుగా సాగుతుంది, నాకు నచ్చే శబ్దం రాలేదు. ఒకటి చేసి పెట్టాను, గోడకి ఉంది చూడండి. దాన్ని అమ్మను. ఆ మెటల్ కుర్రాడు వచ్చే వారం వచ్చి వాయిస్తానన్నాడు. వాడి చేతుల వీడియో తీసి, అప్పుడు ఆలోచిస్తాను.

తర్వాతి బ్యాచ్ ఆరు, దసరా అయ్యాక మొదలుపెడతాను. వానల్లో మెడలు అతికించను ఇక. సరే అండీ, ఉంటాను.